ఎదురొచ్చిన బండి

మగపెళ్ళివాళ్ళకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పప్పులో ఉప్పు తగ్గినా వస్తుంది, కుర్చీ కాలు ఊగినా వస్తుంది. సురేంద్రబాబుకు మాత్రం ఆ రోజు నిజంగానే కారణం ఉంది. ఒక్కగానొక్క కొడుకు భరత్ పెళ్ళి. ఆత్మకూరులో కల్యాణమండపం, పగటి ముహూర్తం. చల్లపొద్దునే ఉదయగిరిలో బయల్దేరిన మనిషి దుత్తలూరు దాటి కొంత దూరం పోయేసరికి ముందర లారీ, వెనక బస్సు, నడుమ తాను, నెత్తిన వైశాఖమాసపు ఎండ.

జరిగిందేమిటంటే, డెల్టా నుంచి మెట్ట ఊళ్ళకు వరిగడ్డి తోలుకొస్తున్న లారీ ఒకటి, మోయగలిగిన దానికి రెండింతలు ఎత్తుకుని వచ్చి, కల్వర్టు దగ్గర పక్కకు ఒరిగింది. సగం రోడ్డు మీద గడ్డి కొండలాగా పడింది. మిగిలిన సగంలోంచి అటు కొన్ని బండ్లు, ఇటు కొన్ని బండ్లు వంతులవారీగా పోవాలి. పాపం ఒక ఆర్టీసీ డ్రైవరు తన బస్సు దిగి, తువ్వాలు ఊపుతూ ఆ వంతులు వేస్తున్నాడు. జీతం లేని పోలీసు ఉద్యోగం. ఆయన మాట కొందరు వింటున్నారు, కొందరు వినడంలేదు. వరస మాత్రం నత్తలాగా అయినా కదులుతోంది.

సురేంద్రబాబు కారు కొత్తది. డ్రైవరును బస్సులో ఎక్కించి, కొడుకును పెళ్ళికి తానే తోలుకుపోవాలని ముచ్చటపడి స్టీరింగు పట్టుకున్నాడు. ముందు అద్దం మీద ‘భరత్ వెడ్స్ నిరోష’ అని పెద్ద అక్షరాల కాగితం, దాని చుట్టూ బంతిపూల దండ. వెనక సీట్లో భరత్ కల్యాణ బొట్టు చెమటకు కారిపోకుండా మొహం పైకెత్తి కూర్చున్నాడు. వాడి పక్కన తల్లి రేణుకాదేవి చీర కొంగుతో విసురుతోంది. బంధువులంతా వరసలో బాగా వెనకబడ్డ రెండు బస్సుల్లో ఉన్నారు. వాళ్ళలో సగం మంది అప్పటికే దిగి తుమ్మచెట్ల నీడకు చేరారు.

ఎంత హారన్ కొట్టినా గడ్డి లేచి పక్కకు జరగదు గదా. ఆ కోపం తీర్చుకోవడానికి సురేంద్రబాబుకు ఒక్కడే దొరికాడు, వియ్యంకుడు పెంచలప్రసాద్. ఫోన్ చేశాడు.

"ఏం బావా, మగపెళ్ళివాళ్ళం రోడ్డు మీద ఎండిపోతా ఉండాం. గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఎదురుకోలంటే మండపం గేటు కాడ నిలబడి దండం పెట్టేదేనా? మా పెద్దోళ్ళ కాలంలో ఊరి బయటికి ఎదురొచ్చి పానకం ఇచ్చి పిలుచుకోని పోయేవాళ్ళు."

"తప్పు పట్టుకోవద్దు బావా," అన్నాడు పెంచలప్రసాద్ కంగారుగా. "ఇప్పుడే పంపిస్తా ఉండా."

నిజానికి సురేంద్రబాబుకు పానకమూ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు. కారులో నీళ్ళ సీసాల పెట్టె ఉంది. వియ్యంకుడి చేత ఒకసారి 'తప్పు' అనిపించుకుంటే ప్రాణం కాస్త కుదుటపడింది, అంతే. ఫోన్ పెట్టేశాడు, ఆ సంగతి మరిచిపోయాడు.

పొద్దు పైకొస్తోంది. ముహూర్తం దగ్గరకొస్తోంది. ముందున్న లారీ మాత్రం బారెడు జరిగి ఆగుతోంది, మళ్ళీ బారెడు జరిగి ఆగుతోంది. కల్వర్టు కనిపించేంత దగ్గరకు వచ్చేసరికి ఆర్టీసీ డ్రైవరు తువ్వాలు అడ్డంగా పట్టి ఇటు వైపు ఆపేసి, ఎదుటి వాళ్ళను రమ్మన్నాడు. ఇక సురేంద్రబాబు ఆగలేకపోయాడు. స్టీరింగు కుడివైపుకు తిప్పి వరసలోంచి బయటికొచ్చాడు.

"అందరూ నిలబడే ఉండారు గదా," అంది రేణుకాదేవి.

"అందరి కొడుకులకూ ఈ పొద్దు పెళ్ళి లేదు," అన్నాడు.

ఆర్టీసీ డ్రైవరు తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు. సురేంద్రబాబు ఆయన పక్కనుంచే దూసుకుపోయి కల్వర్టు ఎక్కాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక ట్రాలీ బండి వచ్చింది. గొర్రెలు తోలే బండి. చుట్టూ ఇనుప కడ్డీలు, పైన టార్పాలిన్ పట్ట. రెండూ మూతీ మూతీ ఆనించుకున్నట్టు ఆగాయి. వంతు ఆ బండిది. అది చూస్తున్న వాళ్ళందరికీ తెలుసు, సురేంద్రబాబుకూ తెలుసు.

ట్రాలీలోంచి యాభై ఏళ్ళ మనిషి దిగాడు. కొత్త పంచె, నుదుటిన కుంకుమ. కారు ముందు అద్దం వైపు చూసి, మొహమంతా నవ్వు చేసుకుని, చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"అన్నా..."

"ఎవుడ్రా నీకు అన్న? బండి ఎనక్కి తియ్యి."

"అది గాదన్నా, నేను..."

సురేంద్రబాబు కారు దిగాడు. దిగీ దిగగానే వాసన కొట్టింది. ఎంత కడిగినా పోని వాసన, గొర్రెల వాసన. "కంపు కొట్టుకుంటా పెళ్ళి కారుకు అడ్డమొస్తావా? గొర్రెలు తోలేటోడికి రోడ్డు మర్యాద ఏం తెలుస్తాది? ఎనక్కి తియ్యి ముందు," అని ఎదురురొమ్ము మీద చెయ్యేసి ఒక తోపు తోశాడు.

ఆ వాసన సురేంద్రబాబుకు కొత్తదేమీ కాదు. వాళ్ళ నాయన ఉదయగిరి కొండ కింద బతుకంతా గొర్రెలు కాశాడు. ఈయన కూడా పదో తరగతి దాకా మందలో పడుకుని లేచినవాడే. ఆత్మకూరు హాస్టల్లో చేరినప్పుడు పక్క మంచం పిల్లలు ముక్కు మూసుకుని అన్న మాట కూడా సరిగ్గా ఇదే, కంపు. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాడు. నాయన పోయాక మందను అమ్మేసి, కాంట్రాక్టులు పట్టి, పెద్దమనిషి అయ్యాడు. అప్పటి నుంచి ఒంటికి సెంటు పూసుకోకుండా గడప దాటడు. తాను పడ్డ మాటను అంతకాలం దాచిపెట్టుకుని ఇంకొకడి మీద వేశాడు.

తోపుకు ఆ మనిషి రెండడుగులు వెనక్కి పడ్డాడు. మొహంలో నవ్వు పోయింది. తిరగబడతాడనుకున్నారు చూసేవాళ్ళు. మనిషి గట్టివాడే, కర్ర పట్టిన చేతులు. కానీ అతను కారు అద్దం మీది కాగితం వైపు ఇంకోసారి చూసి, బండెక్కి వెనక్కి తీశాడు. ఇరుకు దారి. వెనక చక్రం మట్టి అంచు మీద జారి, ట్రాలీ ఒక పక్కకు ఒరిగి గుంటలోకి దిగబడింది. పట్ట కింద ఏవో గిన్నెలు దబదబా పడిన చప్పుడైంది. వెనక తలుపు సందులోంచి ఏదో ధారగా కారి రోడ్డు తడిసింది.

"చూడండి, గొర్రెల ఉచ్చ," అని నవ్వాడు సురేంద్రబాబు, కారెక్కి ఆ తడి మీదుగానే పోనిస్తూ.

కారులో ఎవరూ నవ్వలేదు. భరత్ మాత్రం మెడ తిప్పి, ఆ బండి కనిపించినంత మేరా వెనక్కే చూశాడు.

మండపం ముందు సన్నాయి మేళం మొదలైంది. పెంచలప్రసాద్ పరుగున వచ్చి కారు తలుపు తీశాడు.

"మస్తానయ్య కలిసినాడా బావా?"

"ఏ మస్తానయ్య?"

"మా బామ్మర్ది. నిరోషకు మేనమామ. నిశ్చితార్థానికి రాలేదు గదా, అప్పుడు గొర్రెలెత్తుకోని కోవూరు పక్క కోతకోసిన కయ్యల్లో ఉండాడు. నువ్వు ఫోన్ చేస్తానే, ఇంకెవురో ఎందుకు, పిల్లకు మేనమామను గదా, నేనే ఎదురుపోతానని బండి కడిగి, పానకం బిందెలు, మజ్జిగ క్యాన్లు ఎక్కించుకోని వచ్చినాడు. కారు మీద పిల్ల పేరు ఉంటాది, కనుక్కుంటాలే అన్నాడే."

సురేంద్రబాబుకు కల్వర్టు కళ్ళ ముందు నిలిచింది. ఆ జోడించిన చేతులు. ఆ నవ్వు. ఆ 'అన్నా' అన్న పిలుపు దారి ఇమ్మని బతిమాలడం కాదు. పెళ్ళికూతురి మేనమామ తనకు తమ్ముడి వరస. వరస పెట్టి పిలిచాడు. తాను రమ్మంటేనే వచ్చాడు.

"కలవలేదే," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని అది అబద్ధమని ఆయనకు తట్టలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ పొద్దు ఆయన రెండోసారి జారాడు. వెనకాల కారు దిగుతున్న భరత్ తండ్రి మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు.

కాసేపటికి మస్తానయ్య వచ్చాడు, ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని. కొత్త పంచె నిండా బురద. మోచేతికి తువ్వాలు కట్టుకున్నాడు, అది ఎర్రగా తడిసింది. ఒళ్ళో ఒక్క బిందె. పెంచలప్రసాద్ అందరి ముందూ విరుచుకుపడ్డాడు.

"ఒక్క పని అప్పజెప్తే అదీ చెడగొట్టినావే. వియ్యంకుడు నోరెండి రోడ్డు మీద పడుంటే నువ్వు యాడ పోయినావు? జీవితమంతా గొర్రెల ఎనకాల తిరిగితే మనుషుల పని ఏం తెలుస్తాది నీకు?"

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. 'బావా, ఆయన తప్పేం లేదు' అని. సురేంద్రబాబు తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాడు. చుట్టూ ఆడపెళ్ళివాళ్ళ పెద్దలు, ఫోటోలవాడు, మేళంవాళ్ళు. అంతమందిలో తన పరువు ఆయనకు ముద్దయింది.

మస్తానయ్య ఒక్కసారి ఆయన వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"దారిలో ఇరుక్కుపోయినా బావా," అన్నాడు. "తప్పు నాదే."

తరువాత మిగిలిన ఆ బిందెలోంచి గ్లాసు నింపి, రెండు చేతులతో పట్టుకుని వచ్చి సురేంద్రబాబు ముందు నిలబడ్డాడు.

"తీసుకోండన్నా. బెల్లం మంచిది."

యాలకుల వాసన, మిరియాల ఘాటు. సందులోంచి కారి రోడ్డు తడిపింది ఇదే. దీన్నే తాను ఉచ్చ అన్నాడు. తాగకపోతే పదిమంది అడుగుతారు, తాగితే గొంతు దిగదు. సన్నాయి గట్టిగా మోగుతుంటే సురేంద్రబాబు కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో యాభై అయిదేళ్ళ వయసులో ఆ గ్లాసుతో తెలిసింది.

పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చింది కూడా మస్తానయ్యే. మోచెయ్యి నొప్పికి పళ్ళు బిగబట్టి, మొహాన నవ్వు పెట్టుకుని మోశాడు. తాళి పడింది. అక్షింతలు వేయడానికి తమ వాళ్ళెవరూ లేరు. రెండు బస్సులూ భోజనాల వేళకు వచ్చాయి. ఒక్కొక్కరూ చెమటలు కక్కుకుంటూ విస్తరి ముందు కూర్చుని తిట్ల దండకం ఎత్తుకున్నారు. ఎవడో రాంగ్ సైడులో దూరాడట, వాడిని చూసి పదిమంది దూరారట, అంతా చిక్కుపడిపోయిందట. అంత వెనకనుంచి ఆ బండి ఎవరిదో తమకు కనిపించలేదట. సురేంద్రబాబు వాళ్ళకు స్వయంగా నెయ్యి వడ్డిస్తూ ఆ తిట్లన్నీ విన్నాడు.

మండపం వెనక కొళాయి దగ్గర మస్తానయ్య పంచె బురద కడుక్కుంటున్నాడు. సురేంద్రబాబు అటూ ఇటూ చూసి దగ్గరికి పోయాడు.

"తమ్ముడూ..." అన్నాడు. కాంట్రాక్టులకోసం ఎందరి ముందో గంటలకొద్దీ మాట్లాడిన నోరు అది.

"వద్దులే అన్నా," అన్నాడు మస్తానయ్య తల ఎత్తకుండా. "నేను ఎవురికీ చెప్పను."

"నువ్వప్పుడే చెప్పుండొచ్చు గదా, నేను ఫలానా అని."

"చెప్పనిచ్చినావా?" పంచె పిండి కొళాయి కట్టేశాడు. "మాటకు మాట అనేవాణ్ణే. అద్దం మీద మా పిల్ల పేరు ఉండాది. ఆ ఇంటికే గదా పోయేది. అందుకని ఎనక్కి తీసినా."

సాయంత్రం అప్పగింతలయ్యాయి. కోడలు అదే కారెక్కింది. వెనక సీట్లో భరత్, నిరోష, ముందు రేణుకాదేవి. సురేంద్రబాబు స్టీరింగు డ్రైవరుకు ఇద్దామనుకున్నాడు గాని, ఎందుకని అడిగితే చెప్పడానికి ఏమీ తోచక తానే కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి అలసిన పిల్ల చాలా దూరం కళ్ళు మూసుకునే ఉంది. కల్వర్టు దగ్గర కారు నెమ్మదించగానే లేచి బయటికి చూసింది. గడ్డి ఎత్తేశారు. రోడ్డు మీద పానకం కారిన చోట నల్లటి మరక, దాని మీద ఈగలు.

"ఇక్కడే అంట మా మామ బండి పడింది," అంది. "ఎవురో రాంగ్ సైడులో వచ్చి ఎనక్కి తియ్యమన్నారంట. అది కూడా ఆయన చెప్పలేదు, బైకు మీద దింపిన అన్న అక్కడోళ్ళు అనుకుంటుంటే విని మా అమ్మకు చెప్పినాడు. తిట్టినారంట, తోసినారంట. ఎవురో ఏందో అంటే మామ చెప్పడం లేదు. ఎప్పుడూ ఇంతే ఆయన, ఒకరిని ఒక మాట అనడు."

రేణుకాదేవి కిటికీలోంచి తుమ్మచెట్లు చూస్తోంది.

"మీరూ ఆ టయానికే వచ్చినారు గదా మామా," అంది నిరోష. "చూసినారా, ఎవురో?"

అద్దంలో భరత్ కళ్ళు కనిపించాయి సురేంద్రబాబుకు. పొద్దున 'కలవలేదే' అన్నప్పుడు చూసిన చూపే. ఎవరికీ చెప్పనన్న మనిషి మాట మీద నిలబడ్డాడు. తాను నోరు మూసుకుంటే ఈ జన్మకు ఈ పిల్లకు తెలియదు. ఏ పండగకో మస్తానయ్య ఇంటికొస్తే ఈ పిల్లే కాళ్ళకు నీళ్ళిస్తుంది, తానేమో పక్కన కూర్చుని నవ్వుతూ పలకరించాలి.

కారు పక్కకు తీసి ఆపాడు.

"నేనేనమ్మా," అన్నాడు.

ఎంత నెమ్మదిగా అన్నా ఆ మాట వినపడింది. నిరోష ఒళ్ళో పుట్టింటివాళ్ళు పోసిన ఒడిబియ్యాన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, కిటికీ వైపుకు తిరిగి కూర్చుంది. సురేంద్రబాబు బండి కదిలించాడు. ఉదయగిరి దాకా రోడ్డంతా ఖాళీ. ఒక్క బండీ అడ్డం రాలేదు, ఒక్క మాటా రాలేదు.