చెక్క హాలు

మా ఆయన లక్ష్మీపతి చరిత్ర రాస్తున్నారంటే మొదట్లో అందరూ నవ్వేవాళ్లు. రాజుల చరిత్ర కాదు, అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవై పక్కనున్న మా టౌన్‌షిప్‌కి వచ్చిపడ్డ తెలుగువాళ్ల చరిత్ర. ఎవరు ముందొచ్చారు, ఏ కార్ల కంపెనీలో చేరారు, తొలి ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరు తెచ్చారు, అన్నీ అడిగి రాసి, సొంత డబ్బుతో అచ్చేసి ఇంటింటికీ పంచారు. తెలుగు సంఘం పెట్టి, దానికో పత్రిక నడిపారు. లైబ్రరీ బోర్డులో కూర్చున్నారు. ఇంట్లో కుళాయి కారుతోందంటే మాత్రం వినపడదు.

ఇప్పుడాయన ప్రాణమంతా ఒక చెక్క హాలు మీద ఉంది. పాతకాలం రైతులు కట్టుకున్నది. మాకెవరూ చోటివ్వని రోజుల్లో ఆ రైతుల పిల్లలే పిలిచి తాళం చేతిలో పెట్టారు. మా ఉగాదులు, పిల్లల అక్షరాభ్యాసాలు, ఆయన పత్రిక తొలి సంచిక, అన్నీ అక్కడే. ఇప్పుడు దాన్ని కూలగొట్టి గోడకు గోడ ఆనుకున్న టౌన్‌హోమ్స్ కడతామని ఒక బిల్డర్ అర్జీ పెట్టాడు. చారిత్రక కట్టడమని టౌన్‌షిప్ బోర్డు ఒప్పుకుంటేనే హాలు నిలుస్తుంది. "అది మీవాళ్లకు ముఖ్యమైతే హియరింగ్ రోజు మీవాళ్లనే వచ్చి చెప్పమనండి" అన్నారు బోర్డువాళ్లు.

ఇక ఫోన్లే ఫోన్లు. కంచంలో అన్నం చల్లారిపోతున్నా వదలకుండా ఆయన కుర్రాళ్లను బతిమాలుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

"చూస్తాం అంకుల్, ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది" అనేవాళ్లు. సంఘానికి ఇప్పటి ప్రెసిడెంట్ శశికాంత్ ఒక్కడే, "హియరింగ్‌కి ఎట్లైనా వస్తున్నం అంకుల్, మా గ్రూప్ మొత్తం" అన్నాడు.

హియరింగ్ రోజు ఒకటే మంచు. మీటింగ్ గదిలో మావాళ్లంటూ మేమిద్దరమే. ఆయన తలుపువైపే చూస్తూ, "రారు ప్రసూనా. ఎవరికోసం రాశానిదంతా?" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

అంతలో తలుపు తెరుచుకుంది. జాకెట్ల మీది మంచు దులుపుకుంటూ శశికాంత్, అతని భార్య నమ్రత, వాళ్ల వెనక ఇంకా ఎంతోమంది. కుర్చీలు చాలక గోడలకు ఆనుకున్నారు. ఆయన మొహం చూడాలి! మా పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

మైకు దగ్గరకు ముందు శశికాంత్ వెళ్లాడు. ఆ టౌన్‌హోమ్స్‌లో ఒకటి బుక్ చేసుకున్నామని, అక్కడ స్కూలు మంచిదని, త్వరగా అప్రూవ్ చేయమని ఇంగ్లీషులో మెత్తగా అడిగాడు. తర్వాత నమ్రత. ఆ తర్వాత లేచినవాళ్లందరిదీ అదే మాట. హాలున్న చోట రాబోయే ఇళ్లన్నీ ఈస్ట్ ఫేసింగ్ అట. తూర్పు ముఖం ఇల్లు దొరకడం ఎంత కష్టమో బోర్డుకు విడమరిచి మరీ చెప్పారు!

తిరిగొస్తూ శశికాంత్ మా ముందు ఆగాడు.

"సారీ అంకుల్. హిస్టరీ అంటే మాకూ రెస్పెక్టే. హాలు ఫోటోలు క్లబ్‌హౌస్‌ల పెట్టిద్దాం."

లేచి కడిగేద్దామనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

చివరికి బోర్డు చైర్మన్ ఆయనవైపు తిరిగింది. ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు పాపం.

"ఈ హాలు 'మా కమ్యూనిటీది' అని మీరు అర్జీలో రాశారు. ఏ కమ్యూనిటీ సార్?"

ఆయన కుర్చీ పట్టుకుని లేచారు. గోడల వెంట నిలబడ్డ ఒక్కొక్కరినీ చూశారు. ఒక్కరూ కళ్లు కలపలేదు.

"వీళ్లే మేడమ్," అన్నారు. "నేనే రమ్మని పిలిచాను."