మునసబు కోర్టు బోర్డు

నేనొక రేకు బోర్డును. పెయింటర్ నా మీద 'జిల్లా మునసబు కోర్టు' అని తెల్లగా రాసేదాకా నేను ఉత్త రేకునే. రాసిన మర్నాటి నుంచి జనం నాకు దండం పెట్టడం మొదలుపెట్టారు. తీర్పులు చెప్పేది నేను కాదని వాళ్లకెవరూ చెప్పలేదు.

నా కింద నిలబడి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టేవారు. వకీళ్లకు అది గౌరవ న్యాయస్థానం. ముసలివాళ్లకు కచేరీ. ఓడిపోయి బయటికొచ్చినవాళ్లు అనే మాటలు ఏ బోర్డు మీదా రాయదగ్గవి కావు.

సన్యాసమ్మ మాత్రం మునసబు కోర్టు అనే అనేది. ఆమెకు చదువు రాదు. నా అక్షరాల వంకరలు గుర్తుపెట్టుకుని వచ్చేది. భర్త పోగానే మరిది గురువులు ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. ఆమె వకీలును పెట్టుకుని వాటా కోసం దావా వేస్తే, అసలామె తన అన్నకు పెళ్లామే కాదని, ఊరికే ఉంచుకున్న మనిషని బోనులో ప్రమాణం చేసి చెప్పాడు. ఆ పెళ్లి చూసినవాళ్లలో మిగిలింది భర్త మేనత్త నూకాలమ్మ ఒక్కతే.

ఆ ముసలామె సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా ఇంకా రాకముందే కోర్టు వీధి చివరి కొత్త భవనంలోకి మారింది. పేరూ మారింది. ఇప్పుడది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. నన్ను దించి పాత వరండాలో గోడకు ఆనించారు. వకీలు పంపిన కబురు సన్యాసమ్మకు అందలేదు.

వాయిదా నాటి ఉదయం ఆమె నూకాలమ్మను చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకొచ్చింది. తలుపులకు తాళం. నేల మీద నేను. అంతలో గురువులు అటుగా వచ్చాడు. వేరే దిక్కులేక అతన్నే అడిగింది, కోర్టు ఏమైందని.

"మునసబు కోర్టు ఇంక నేదు వదినా. ఎత్తేసినారు. ఎల్లిపోండి."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పైగా, బోనులో కాదన్న వరసనే వీధిలో నోరారా పిలిచాడు. కంగారులో ఉన్న సన్యాసమ్మ అది గమనించలేదు. నూకాలమ్మకు చెవులు సరిగా వినబడవు. విన్నది నేను. నన్ను సాక్షిగా ఎవరు పిలుస్తారు?

ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయారు. సాక్షి రాలేదని ఆ పూటే దావా కొట్టేశారు. ఆ వానాకాలంలోనే నూకాలమ్మ జ్వరంతో పోయింది. సాక్ష్యం లేని అప్పీలూ నిలవలేదు.

ఆ కబురు చెప్పడానికి వకీలు సన్యాసమ్మను పాత వరండాలో కూర్చోబెట్టాడు. ఇంకా దారులున్నాయని, హైకోర్టు ఉందని, దానిపైన సుప్రీంకోర్టు ఉందని ఓదార్పుగా చెప్పుకొచ్చాడు. ఆమె అన్నీ శ్రద్ధగా విన్నది.

"ఇన్ని కోర్టులున్నాయి గదా బావూ," అంది చివరికి, "మా నూకాలత్త మాట ఇనడానికి ఒక్కటీ నేకపోయినాదా?"

ఆమె అతనికి నమస్కారం పెట్టింది. వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ, నాకూ పెట్టింది.