దుకాణం గుడ్లు

మా కోడికి పిచ్చి పట్టిందని పక్కింటి బుచ్చవ్వ తీర్పు చెప్పేసింది. పెట్టిన గుడ్లన్నీ పిల్లి పాలైనా అది ఖాళీ గంపలోనే కూర్చుని పొదుగుతోంది. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడుస్తోంది.

"ముక్కులకెల్లి ఈక గుచ్చు చంద్రవ్వా, బకెట్ల ముంచు. దెబ్బకు దిగుతది," అంది. ఎవరికో ఒకరికి సలహా ఇవ్వందే ఆమెకు పొద్దు గడవదు.

నాకు మనసొప్పలేదు. ఖాళీ గంపలో దాన్ని చూడలేక కిరాణా దుకాణంలో ఫారం గుడ్లు కొని తెచ్చి దాని కింద సర్దాను. పుంజు మొహం ఎరగని కోళ్లు పెట్టిన గుడ్లవి. పిల్లలు కావని మా ఊరు కొండపాకలో బడిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. బుచ్చవ్వ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వితే నవ్వనీ. కోడి మాత్రం వాటిని ముక్కుతో ఒక్కొక్కటే కడుపు కిందికి లాక్కుని కళ్లు మూసుకుంది.

అప్పుడు ఇంట్లో నేనూ ఆ కోడీ తప్ప ఎవరూ లేరు. చెల్లెలు కాన్పులో పోతే దాని బిడ్డ శ్రీవాణిని పొత్తిళ్లలోనే తెచ్చుకుని పెంచాను. కుట్టుమిషను పక్కనే ఉయ్యాల కట్టాను. మొన్న ఎండాకాలం దాని తండ్రి జయరాజ్ వచ్చి ప్రజ్ఞాపూర్ తీసుకుపోయాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లను మంచి బడిలో వేస్తానన్నాడు. తండ్రి కదా, కాదనడానికి నేనెవర్ని? రోజూ పొద్దుగూకే వేళ ఫోన్ చేసేదాన్ని. "ఎప్పుడస్తవ్ పెద్దమ్మా?" అని అది, "రేపస్త బిడ్డా" అని నేను. రోజూ అదే అబద్ధం.

గుడ్ల నుంచి పిల్లలు దిగాల్సిన గడువు దాటిపోయింది. కోడి లేవలేదు. ముందు గింజలు పోసినా ముట్టడం లేదు. తురాయి పాలిపోయింది, ఎత్తితే బరువే లేదు. భయమేసి గంపతో సహా పశువుల దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ స్నేహది చిన్న వయసు, నెమ్మదైన మాట. "రోగమేం లేదమ్మా. గుడ్లు కడుపుకు తగిలినన్ని దినాలు దీని తలకాయల ప్రొలాక్టిన్ అనే హార్మోను ఊరుతనే ఉంటది. దాంతోని సరిగ తినదు, గుడ్లు పెట్టదు. గుడ్లు తీసేసి గాలి తగిలే జాలీ పెట్టెల ఉంచు. హార్మోను తగ్గితే అదే తింటది."

"తీసేస్తే దుఃఖపడదా?"

"కొన్ని దినాలు వెతుకుతది. తర్వాత మర్చిపోతది."

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. కోడితో సహా గంపను చంకలో పెట్టుకుని విసురుగా ఇంటికొచ్చాను. గుడ్లు తీయలేదు.

ఆ సాయంత్రం జయరాజే ఫోన్ చేశాడు. "వదినా, ఏమనుకోకు. నీతోని మాట్లాడినంక పిల్ల అన్నం ముడతలేదు. రేపస్తవని గేటు కాడనే కూసుంటుంది. బక్కగైంది. కొన్ని దినాలు ఫోన్ చెయ్యకు, నీ కాళ్లు మొక్కుత."

పిల్లకు అన్నం పెట్టడం చేతకాక తప్పు నా మీదికి తోస్తావా అని నోటిదాకా వచ్చింది. గంపలో కోడి అట్లాగే కూర్చుని ఉంది. "అట్లనే జయరాజ్," అన్నాను.

గుడ్లు తీస్తుంటే కోడి రక్తం వచ్చేలా నా చెయ్యి పొడిచింది. పొడవనిచ్చాను. దాన్ని జాలీ పెట్టెలో పెట్టాను. రోజూ పొద్దుగూకే వేళకు నా ఫోన్ బుచ్చవ్వ చేతికిచ్చి, చీకటి పడ్డాక తెచ్చుకునేదాన్ని. ఆమె ఒక్కసారీ ఎగతాళి చేయలేదు. పెట్టెలో కోడి అటూ ఇటూ తిరిగింది, అరిచింది, తర్వాత గింజలు తినడం మొదలుపెట్టింది. అంత తొందరగా తిన్నందుకు దాని మీద కోపమొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం జయరాజ్ ఫోన్ చేశాడు. గొంతులో ఎంత సంతోషమో.

"వదినా, శ్రీవాణి మంచిగ తింటుంది. ఇయ్యాల మళ్ల పెట్టుమని అడిగింది. నీ మాటనే ఎత్తలే!"

సంతోషించాల్సిన కబురే. "ఏం కూరతోని తిన్నది?" అని అడిగాను.

"బెండకాయ," అన్నాడు.

నా దగ్గరున్నన్నాళ్లూ అది బెండకాయ ముట్టలేదు.