తెర మీద పెద్దాయన

టాబ్లెట్ల మీది ఎర్రదుమ్మును మేవిస్ తడిగుడ్డతో తుడుస్తోంది. బరువైన ఒళ్లు, వాచిన మోకాళ్లు, పగిలిన వేళ్లు. ఉత్తర ఆస్ట్రేలియాలోని క్యాథరిన్ ఊళ్లో, అడవిని కాచే రేంజర్ల ఆఫీసులో ఆమె పని ఒకటే. అడవిలో తిరిగేవాళ్ల టాబ్లెట్లలోకి ఇక్కడినుంచే యాప్‌లు పంపుతుంది, అక్కర్లేనివి ఇక్కడినుంచే తీసేస్తుంది.

పెద్ద కార్చిచ్చు రాకుండా ముందే గడ్డి తగలబెట్టిన చోట్లు గుర్తించే యాప్ పంపితే మొదట్లో ఎవరూ తెరవలేదు. మనిషిని చూసే సరుకు ముట్టుకుంటారని మేవిస్ లెక్క వేసుకుంది. తెరవగానే తమ తెగ పెద్దాయన ముఖం, తమ భాషలో ఆయన పలకరింపు వచ్చేట్టు చేసింది. తను తప్ప ఎవరూ తీసేయకుండా దానికి తాళం కూడా వేసింది. బేరం కుదిరింది. అందరూ తెరిచారు.

టీ నీళ్లు మరుగుతుండగా ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. దగ్గుతో చేరిన పెద్దాయన పోయాడు.

తెగ ఆచారం ప్రకారం ఇక ఆ పేరు ఎవరూ పలకరు. ఆ ముఖం, ఆ గొంతు సొంతవాళ్ల కంటా చెవినా పడకూడదు. మేవిస్ టీ ముట్టకుండా యాప్‌ను వెనక్కి లాగింది. సిగ్నల్ ఉన్న టాబ్లెట్లన్నిటినుంచీ అది పోయింది. ఒక్కటి మిగిలింది. అది సిగ్నల్ అందని నది అవతల, మంటల పనిలో ఉన్న షార్లీన్ దగ్గరుంది. షార్లీన్ పెద్దాయన కూతురు. సాయంత్రం పని ముగించి తెరిచిందంటే, పోయిన తండ్రి నవ్వుతూ పలకరిస్తాడు.

చావుకబురు వైర్‌లెస్ రేడియోలో చెప్పేది కాదు. కూతురికి మేనమామే ఎదురుగా నిలబడి చెప్పాలి. మేవిస్ రేడియో అందుకుంది.

"షార్లీన్, టాబ్లెట్ తెరవకే. యాప్ పాడైంది."

"నువ్వు పంపినదాంట్లో పాడవనిదేది పిన్నీ?" రేడియోలో నవ్వు వినిపించింది. "పోన్లే, మా నాన్న మొహం రోజూ చూసి విసుగొస్తోంది. ఈ పూటకి సెలవు!"

మేవిస్ బొత్తాం నొక్కి పట్టుకుంది.

"తెరవకు, అంతే. నేనొస్తున్నా."

"దీనికోసమా? ఆ మోకాళ్లతోనా?"

షార్లీన్ మేనమామ ఆల్బీని బండెక్కించుకుని బయలుదేరింది. దారిలో ఆయన ఒక్కసారే నోరు విప్పాడు.

"తాళం ఎందుకేశావమ్మా?"

"పంపడం నా చేతిలో పనే కదన్నా. వెనక్కి రప్పించడమూ నా చేతిలోదే అనుకున్నా."

వాళ్లు చేరేసరికి పొగ నేలబారుగా పాకుతోంది. షార్లీన్ ట్రక్కు వెనక కూర్చుని, ఒళ్లోని నల్లటి తెరను ఎత్తి చూపించింది.

"చూడు పిన్నీ, తెరవలే..."

బండి దిగుతున్న మామ కనబడ్డాడు. షార్లీన్ టాబ్లెట్‌ను మెల్లగా బోర్లించి, నేలమీద కూలబడింది. ఆల్బీ పక్కన కూర్చుని ఆమె తలను భుజానికి ఆనించుకున్నాడు.

ఆ ఏడుపు వింటూ మేవిస్ టాబ్లెట్ తీసుకుని ట్రక్కులోకి ఎక్కింది. తను తెచ్చిన కంప్యూటర్‌కు దాన్ని వైరుతో తగిలించి, ముఖం తెరమీదికి రాకముందే యాప్‌ను తుడిచేసింది. పెద్దాయన ఇన్నాళ్లూ నడిపిన ట్రక్కు అది. ముందు అద్దం కింద ఆయన కళ్లజోడు ఉంది. విరిగిన కాడకు గాలం దారం చుట్టి ఉంది. కిటికీలోంచి వచ్చిన బూడిద దాని అద్దాల మీద సన్నగా పడుతోంది.