ఒక్క చేప పట్టుకొస్తే

నా కొడుకు ఎవరికీ లేదని చెప్పడు. అది మంచితనమని వీధి వీధంతా అనుకుంటుంది. కన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు, అది మంచితనం కాదు, పిరికితనం. వాడిది కళ్లజోళ్ల దుకాణం. ఎవరైనా పగిలిన అద్దం పట్టుకొచ్చి సాయంత్రానికల్లా కావాలంటే "చూద్దామండీ" అంటాడు. సాయంత్రం వాళ్లు వస్తే అద్దాలు అరగదీసే యంత్రం పాడైందంటాడు. ఆ యంత్రం పొద్దుటి నుంచీ లోపల గిర్రున తిరుగుతూనే ఉంటుంది. తప్పు యంత్రానిదో, వానదో, కరెంటుదో అవ్వాలి. వాడిది మాత్రం కాకూడదు.

దుకాణం వెనక మాకు రెండు గదులు, ఓ వంటిల్లు. ముందు గది వాడిది. వెనక గదిలో నేనూ, వాడి పిల్లలిద్దరూ. పెద్దదానికి పదేళ్లు. చిన్నవాడికి ఆరు, పొట్ట గుండ్రంగా ఉంటుందని వాణ్ణి బుడంకాయ అంటాం. నా కోడలు జ్వరంతో పోయి రెండేళ్లయింది. ఆ తర్వాత ఒక నర్సమ్మ కళ్లజోడు మర బిగించుకోవడానికి దుకాణానికి వచ్చింది. మరుసటి వారం ఏ మరా ఊడకుండానే వచ్చింది. ఇప్పుడు పెళ్లి ఖాయమైంది.

ఆ నర్సమ్మ చెడ్డదని నేననను. నాలుగు మాటలు మంచిగానే మాట్లాడుతుంది. కాకపోతే ఆవిడతోపాటు మంచం పట్టిన తల్లి కూడా వస్తుంది. ఆ తల్లికి వెనక గది కావాలి. నాకు వంటింట్లో ఒక మూల చాలని మావాడే తేల్చేశాడు. పిల్లలకి పొరుగూళ్లో హాస్టల్ మాట్లాడి వచ్చాడు. ఆ సంగతి పిల్లలకి చెప్పడానికి వాడికి నోరు రాలేదు. కొత్త పెట్టె కొని తెచ్చి గది మధ్యలో పెట్టాడు. పెట్టె చూసి వాళ్లే అర్థం చేసుకున్నారు.

పెద్దది మాత్రం నా పోలిక. తిన్నగా దుకాణంలోకి వెళ్లి వాడి బల్ల ముందు నిలబడింది. వాడు కంటికి భూతద్దం పెట్టుకుని ఓ ఫ్రేముకి చీమతలంత మర బిగిస్తున్నాడు.

"నాన్నా, మేం రాత్రిళ్లు దుకాణంలో పడుకుంటాం. ఈ బల్ల కింద చాలు మాకు."

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. మేం వెళ్లకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్పు."

మావాడు భూతద్దం తీశాడు. 'ఏం చేసినా లాభం లేదమ్మా, వెళ్లాల్సిందే' అని మొహం మీద చెప్పే దమ్ము వాడికెక్కడిది? గుమ్మంలోంచి బయటికి చూశాడు. వారం నుంచీ వాన. వీధి చివర వంతెన, దాని కింద ఏరు గట్లు ఒరుసుకుని పారుతోంది. వాడి మొహం వెలిగింది.

"ఆదివారం ఏటికెళ్లి ఒక్క చేప పట్టుకురండి. పట్టుకొస్తే హాస్టలూ లేదు, గీస్టలూ లేదు."

"ఒట్టు?"

"ఒట్టు," అని నవ్వుతూ దాని తలమీద చెయ్యి పెట్టాడు.

బుడంకాయ గెంతులు వేశాడు. నాకు కడుపు మండిపోయింది. ఏరు చూస్తే పాలెక్కువ పోసిన టీ రంగులో ఉంది. విరిగిన కొమ్మలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఎవరి పెరట్లోదో గుమ్మడి తీగ కాయలతో సహా కొట్టుకుపోతున్నాయి. ఇందులో చేపేమిటి, దాని నీడ కూడా దొరకదని వాడి ధీమా. పసిపిల్లలతో ఓడిపోయే పందెం ఆడించి, తప్పు ఏటిమీదకి తోసేసి చేతులు దులుపుకుందామని వాడి ఎత్తు.

కానీ వాడికి ఒక సంగతి తెలియదు. వంతెన కట్టకముందు మా ఆయన ఆ రేవులో పడవ నడిపేవాడు. ఆయన ఆవలి ఒడ్డుకి వెళ్లి వచ్చేలోపు నేను ఈవలి ఒడ్డున గాలం వేసేదాన్ని. నేను పట్టిన చేప తిని పెరిగినవాడే మావాడు. పట్టేచోటికి మాత్రం ముక్కు మూసుకుని దూరంగా పోయేవాడు, నీచు వాసనట. దగ్గర నిలబడి ఒక్కసారి చూసి ఉంటే, ఏరు బురదగా పొంగినప్పుడే చేప మనిషికి బాగా దగ్గరికొస్తుందని వాడికీ తెలిసేది.

శనివారం పెరట్లో కాలువ పక్కన మట్టి తవ్వుతూ పిల్లలకి పాఠం మొదలుపెట్టాను. వానపాము కనబడితే చాలు బుడంకాయ కేకలు, పట్టుకోమంటే పరుగు.

"ఇంత వరదలో చేపలెక్కడుంటాయి నానమ్మా?" అంది పెద్దది.

"పెద్ద గాలివాన వచ్చిందనుకో, నువ్వు నడివీధిలో నిలబడతావా, గోడవారకి పోతావా?"

"గోడవారకి."

"చేప కూడా అంతే. నడి ఏట్లో వడికి దాని ఒళ్లు హూనమైపోతుంది. అందుకని గట్టుకి అతుక్కుని ఉంటుంది, మన కాళ్ల దగ్గరే. అక్కడ మీ తమ్ముడు ధనధన గెంతితే పారిపోతుంది."

"నేను గెంతను," అన్నాడు బుడంకాయ గెంతుతూ.

"మరి బురదలో దానికి ఎర కనబడదుగా?" అంది పెద్దది.

"జెల్ల చేపకి కళ్లతో పనేమిటే? మీసాలున్నాయిగా. వాసన తగిలితే చాలు, వెతుక్కుంటూ వచ్చేస్తుంది. అందుకే ఒక్క వానపాము కాదు, గుత్తిగా గుచ్చాలి. సీసం గుండు బరువుది కట్టాలి, ఎర అడుగున కదలకుండా కూర్చోవాలి."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పాను. చేప పడ్డాక తాడు బిగువుగా ఉంచాలి. కర్ర కొన పైకే ఉండాలి. ఒక్క క్షణం తాడు వదులైతే జెల్ల తల విదిలిస్తుంది, గాలం ఊడిపోతుంది. పెరట్లో బట్టల తీగ దగ్గర పెద్దదాని కర్రకి తాడు కట్టి, చేప బదులు నేను రెండో కొన పట్టుకుని లాగుతూ, దానిచేత సాయంత్రం దాకా సాధన చేయించాను. ఎటు లాగినా బిగువు తగ్గనివ్వలేదు. దాని చేతిలో నేనే నిజంగా చేపనైపోయాను. కొడుకు ఆటని వాడి మీదకే తిప్పబోతున్నానని లోపల లోపల మురిసిపోయాను కూడా.

ఆదివారం మావాడూ మాతో వచ్చాడు, గొడుగు వేసుకుని. తను పందెం గెలవడం కళ్లారా చూడాలి కదా. నేను పిల్లల్ని పాత రేవు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ పడవలు ఆగే గోడ సగం కూలి ఉంది. ఆ గోడ చాటున నీళ్లు వడి తగ్గి, నురగ మోసుకుంటూ నెమ్మదిగా సుడి తిరుగుతాయి. బుడంకాయ నడుముకి తాడు కట్టి, రెండో కొస పడవలు కట్టే ఇనుప గుంజకి ముడివేశాను.

"నన్ను దూడలా కట్టేశావేం నానమ్మా?"

"దూడైతే చెప్పిన మాట వినేది."

మావాడు గట్టు మీద, బూట్లకి బురద అంటని చోటు చూసుకుని నిలబడ్డాడు. పెద్దది గోడ చాటున, తన కాళ్లకి మూరెడు దూరంలో ఎర దింపింది.

"అక్కడా వేసేది? మోకాలి లోతు నీళ్లలో ఏముంటుంది? దూరంగా వెయ్యమ్మా, నడిమధ్యకి!" అని పైనుంచి అరిచాడు.

బుడంకాయ వెంటనే తన చిన్న గాలాన్ని బలమంతా పెట్టి నడి ఏటికి విసిరాడు. వడి దాన్ని లాక్కుపోయి ఏ దుంగకో తగిలించింది. తాడు పుటుక్కుమంది. పెద్దది తండ్రి వైపు తిరగను కూడా తిరగలేదు.

ఎంతసేపు కూర్చున్నామో. చేపలు రెండుసార్లు ఎర కొరుక్కుపోయాయి గానీ ఒక్కటీ పడలేదు. మావాడు వాచీ చూసుకున్నప్పుడల్లా మొహం ఇంకొంచెం తేటపడుతోంది. "ఇంక పోదామా అమ్మా? వానొచ్చేలా ఉంది," అన్నాడు. వాడికి వాన ఎప్పుడూ సమయానికే వస్తుంది.

అప్పుడు కర్ర వంగింది.

ముందు సన్నగా వణికి, ఆ వెంటనే కొన నీళ్లకి తగిలేంతగా వంగిపోయింది. పెద్దది కాళ్లు ఎడంగా పెట్టి, పళ్లు బిగించి, కర్ర పైకెత్తింది. చేప గోడ చాటునుంచి బయటికి లాగింది, ఇది వదల్లేదు. లోతుకి దిగింది, ఇది వదల్లేదు. బట్టల తీగ దగ్గర నేర్పింది నేర్పినట్టు చేసింది నా బంగారం. చివరికి జెల్ల పైకి తేలింది. పసుపుపచ్చ పొట్ట, జానెడు మీసాలు, నా మోచెయ్యంత చేప! నేను చేతివల తీసుకుని మోకాళ్ల లోతుకి దిగాను. ఇంకో మూర లాగితే వలలో పడుతుంది.

"నాన్నా! పడింది! హాస్టలూ లేదు, గీస్టలూ లేదు!" అని బుడంకాయ తాడు తెంపుకునేలా గెంతాడు.

పెద్దది నవ్వుతూ తలెత్తి తండ్రి వైపు చూసింది. దాంతోపాటు నేనూ చూశాను.

చూడకుండా ఉన్నా బాగుండేది. వాడి చేతిలో గొడుగు పక్కకి ఒరిగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కోపం కాదు అది, కోపమైతే నేను తట్టుకునేదాన్ని. చెయ్యకూడని పని చేస్తూ దొరికిపోయినవాడి మొహం. పిల్లలు తన దగ్గరే ఉండిపోతారేమోనని భయపడుతున్న తండ్రి మొహం. తొమ్మిది నెలలు మోసి కన్న కొడుకుని చూసి నాకు మొదటిసారి అసహ్యం వేసింది.

పెద్దది ఆ మొహం వైపే చూస్తూ ఉంది. దాని నవ్వు మెల్లిగా పోయింది. తర్వాత అది కర్ర కొన నెమ్మదిగా కిందికి దించింది. జారలేదు, తడబడలేదు. నేనే కదా నేర్పింది, నాకు తెలియదూ! తాడు వదులైంది. జెల్ల ఒక్కసారి తల విదిలించింది. నా వల అంచు దాని తోకకి తగిలింది కూడా. బురద నీళ్లు మళ్లీ మామూలుగా సుడి తిరిగాయి.

"పోయింది నాన్నా," అంది.

అప్పుడు దిగివచ్చాడు మావాడు, బూట్లకి బురద అంటినా లెక్కచెయ్యకుండా. "అయ్యయ్యో! ఏం చేస్తాం తల్లీ. నీళ్లింత బురదగా ఉంటే ఎవరు మాత్రం పట్టగలరు?" ఒట్టు వేసిన చేత్తోనే దాని తల నిమిరాడు. గొంతులో ప్రాణం లేచివచ్చింది. పాపం, దాచుకుందామనుకున్నాడు గానీ చేతకాలేదు.

బుడంకాయ బురదలో కూలబడి గుక్కపట్టి ఏడ్చాడు. "మళ్లీ వెయ్యక్కా! ఇంకా వానపాములున్నాయి, మళ్లీ వెయ్యి!"

"వద్దురా. ఇంక పడవు," అంది పెద్దది.

వాడు దాని చెయ్యి విదిలించుకున్నాడు. ఇంటిదాకా అక్కతో మాట్లాడలేదు. నీవల్లే, నీకు పట్టుకోవడం రాదు అని ఒక్కసారి మాత్రం అన్నాడు. అది ఆ మాట పడింది. మావాడు గొడుగుతో ముందు నడుస్తున్నాడు. నేను అడుగు తగ్గించి దాని పక్కకి చేరాను.

"ఎందుకే వదిలేశావు?"

"జారిపోయింది నానమ్మా."

"నా దగ్గరా?"

కర్రకి తాడు చుట్టుకుంటూ నడిచింది. "నాన్న భయపడ్డాడు," అంది.

"పడితే పడనీ. ఒట్టు వేశాడు. మాటంటే మాటే."

"మేం ఇక్కడుంటే రోజూ నాకేసి అలాగే చూస్తాడుగా నానమ్మా."

పదేళ్ల పిల్లకి ఏం చెప్పను? అలా చూడడులే అని అబద్ధమాడదామనుకున్నాను. దాని చేతిలోంచి కర్ర అందుకుని నడిచాను.

సాయంత్రం దుకాణంలో ఎవరో కళ్లజోడు కోసం వచ్చారు. మావాడు హుషారుగా కథ చెబుతున్నాడు. "చేప పట్టుకొస్తే హాస్టల్ మానేద్దామని పిల్లలకి మాటిచ్చానండీ. పాపం చివరిదాకా వచ్చి తప్పిపోయింది. ఏట్లో ఒకటే బురద. లేకపోతే మానేసేవాణ్ణే." వచ్చినాయన అయ్యో అన్నాడు. వెనక గదిలో పెద్దది తమ్ముడి చొక్కాలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. ఈ మాటలన్నీ దానికి వినబడుతూనే ఉన్నాయి.

ఆయన వెళ్లాక నేను బల్ల ముందుకి వెళ్లాను, మొన్న అది నిలబడిన చోటే నిలబడ్డాను.

"చేప తప్పిపోలేదురా."

వాడు ఓ అద్దాన్ని దీపానికి ఎత్తిపట్టి చూశాడు. నోటి ఆవిరి ఊది, గుడ్డతో తుడిచాడు. మళ్లీ ఎత్తిపట్టాడు. 'ఏమంటున్నావమ్మా' అంటాడనుకున్నాను. వానో, బురదో, ఏదో ఒకటి అడ్డం పెడతాడనుకున్నాను. అలా చేసినా కాస్త నయంగా ఉండేది.

"చూశానమ్మా," అన్నాడు.

ఇంకో మాట వస్తుందేమోనని నిలబడ్డాను. పిల్లని పిలుస్తాడేమో, లేచి వెనక గదిలోకి వెళ్తాడేమో అనుకున్నాను. నిలబడీ నిలబడీ నా కాళ్లే లాగాయి. వాడు ఆ అద్దాన్ని బిగించి, మీట నొక్కాడు. యంత్రం ఆ రోజు బాగానే పనిచేసింది.