పలక మీద ఐదు గీతలు

"పదమూడు నిమిషాలు కడగమని చీటీ మీద రాసిచ్చిన! ఇదేంది వివేక్, ఉత్త గాజు లెక్క కనవడుతున్నది?"

మనస్విని తడి ఆరని ఫిలింను ట్యూబ్‌లైటు ముందుకు లాగి అరిచింది. ముప్పై ఆరు ఫ్రేముల్లో ఒక్క మొహమూ లేదు. బహదూర్‌పురా పాత బావిని భూముల వ్యాపారి ప్రేమ్‌రాజ్ దగ్గరుండి పూడ్పిస్తుండగా మునిమాపు వేళ తీసిన రీలు అది. వాడి మనుషులు ఆమె ఫోన్ గుంజుకున్నారు. మెడలోని పాత కెమెరా పనిచేయదనుకుని వదిలేశారు. రేపు పొద్దున కోర్టు. ఫొటో లేకపోతే ఆ బావి మీద గోదాం లేస్తుంది.

ఫొటో స్టూడియో కౌంటర్ మీది ఫోన్ స్పీకర్లో లాయర్ పద్మజ గొంతు ఖంగుమంది. "మనూ, ఎవరు ఖరాబ్ చేసిన్రు? జడ్జికి పేరు చెప్పాలె."

"ఎవరూ చెయ్యలే," అన్నాడు కౌంటర్ వెనక వివేక్. "మసక చీకట్ల తీస్తే గిట్లనే వస్తది అక్కా. నేనే కడిగిన. ఫోన్ల టైమర్ పెట్టి, పూరా పదమూడు నిమిషాలు."

అతని తండ్రి వామన్‌రావు స్టూలు మీద కూర్చుని లెన్సు తుడుస్తున్నాడు. మనస్వినికి కెమెరా పట్టడం నేర్పింది ఆయనే. ఆమె కూడా ఆయన్ని బాపు అనే పిలుస్తుంది.

ఆమె ఫిలిం అంచును కళ్ల దగ్గర పెట్టుకుంది. "నా కెమెరా తప్పయితే కంపెనీవోళ్లు అంచుకు వేసిన నంబర్లన్నా నల్లగ రావాలె గదా? అవి గూడ మసకనే. తక్కువ కడిగిన్రు! ఎవనికి చెప్తున్నవ్ కథలు?"

వివేక్ చీకటి గది తలుపుకు అడ్డమొచ్చాడు. ఆమె అతన్ని తోసుకుని లోపలికి దూసుకెళ్లి లైటు వేసింది. మందునీళ్లు చల్లబరచడానికి తెచ్చిన షర్బత్ దుకాణం ఐసు తొట్టిలో ఇంకా పూర్తిగా కరగలేదు. పైన గోడకు పలక. ఫిలిం కడిగే డబ్బాను నిమిషానికోసారి తిప్పి, ఒక సుద్ద గీత గీయడం బాపు పద్ధతి. తర్వాతి రీలు వచ్చేదాకా చెరపడు. వివేక్ ఆ పలకను ఎన్నడూ ముట్టలేదు.

పలక మీద నలభై ఏడు అని రాసుంది. అది ఆమె చీటీ నంబరే. కింద ఐదు గీతలు.

పలక పీక్కొచ్చి ముసలాయన ఒళ్లో పడేసింది. "వెలుతురు తగిలిస్తే రీలు నల్లగైతది, తప్పు దుకాణానిదైతది. తక్కువ కడిగితే నా కెమెరాది. మస్తు తెలివి, బాపు! మరి గీతలెందుకు గీసినవ్?"

"చెయ్యి ఊకోలేదు బిడ్డా. నలభై ఏండ్ల అలవాటు." ఆయన లెన్సు పక్కన పెట్టాడు. "ఈ దుకాణం ప్రేమ్‌రాజ్‌ది. ఫొటోలు మంచిగొస్తే తాళం వేస్తనన్నడు."

"నాకు ముందుగాల ఒక్క మాట చెప్తే, రీలు ఇంకోకాడ కడిగిస్తుంటి గదా!"

"అక్కా, బాపు పేరు చెప్పకు," వివేక్ చేతులు జోడించాడు. "నా పేరు చెప్పు."

"మనూ, ఉన్నవా?" ఫోన్‌లో పద్మజ. "పేరు చెప్పు."

మనస్విని ముసలాయన కళ్లలోకి సూటిగా చూసింది. ఈసారి బాపు అనలేదు.

"వామన్‌రావు."