ఖాళీ పట్టిక

కాఫీ కప్పును కీబోర్డుకు దూరంగా జరిపి, ఆమె డేటాబేసును అడిగే ఆ ప్రశ్నను, క్వెరీని, మళ్ళీ నడిపింది. క్షణంలో రావాల్సిన జవాబు నత్తనడకన వచ్చింది. తమ డేటాబేసు కొత్త వెర్షన్ వేసుకున్నాకే ఇలా అయిందని కస్టమర్లు లబోదిబోమంటున్నారు.

డేటాబేసులో ఆమె చూసేది ప్లానర్. అడిగిన జవాబును ఏ దారిన వెతకాలో ముందే తేల్చేది అదే. దాన్ని ఆమె, పక్కసీటు పెద్దాయన కలిసి రాశారు. పాత కోడ్ కనబడితే ఆమె చేతులు ఊరుకోవు. ఆఫీసులో అందరూ చీపురమ్మ అంటారు. ఆయనేమో ఏదీ పారెయ్యనివ్వడు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అయినా ఒకరు రాకుండా ఇంకొకరు భోజనం డబ్బా తెరిచేవారు కాదు. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పెద్ద తగాదా ఒక్క లైను మీద. కొత్త పట్టిక ఖాళీగా కనబడినా, అందులో ఎంతో కొంత ఉందనే అనుకోమని ప్లానర్‌కి చెప్పే లైను అది. పచ్చి అబద్ధం, తీసేద్దామనేది ఆమె.

"ఖాళీ ఇల్లు ఎల్లకాలం ఖాళీగా ఉంటుందా అమ్మాయ్?" అనేవాడాయన.

ఆయన ఆసుపత్రిలో చేరాక, అడ్డు చెప్పేవారు లేక, ఆమె దాన్ని ఊడ్చేసింది.

సాయంత్రానికి దొంగ దొరికింది. పట్టిక ఇంకా ఖాళీగా ఉండగానే ప్లానర్ చూసింది. ఏమీ లేదు కదా అని, దీని ఒక్కో వరుసకీ, దీనితో జతకలపాల్సిన రెండో పట్టికనంతా తిరగేసే దారి పట్టింది. ఆ వెంటనే లక్షల వరుసలు వచ్చిపడ్డాయి. ప్లానర్ మాత్రం పట్టిన దారి వదల్లేదు. ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. లైను తిరిగి పెట్టి నడిపితే కళ్ళు మూసి తెరిచేలోగా జవాబొచ్చింది.

ఇన్నేళ్ళలో "నువ్వన్నదే రైటు అన్నయ్యా" అన్న మాట ఆమె నోట ఒక్కసారీ రాలేదు. ఇవాళైనా చెప్పాలి. ఆయన రోజురోజుకీ నీరసించిపోతున్నాడని తెలుసు. వెంటనే ఫోన్ చేసింది.

ఎత్తింది ఆయన భార్య, వదిన. మధ్యాహ్నం నిద్రలోనే పోయారని మెల్లగా చెప్పింది.

"పొద్దున నీ మాటే ఎత్తారమ్మా. 'నేను లేను కదా, ఆ లైను తీసేసుంటుంది. మళ్ళీ తనే పెడుతుందిలే' అని నవ్వారు."

ఫోన్ పెట్టేసి ఆమె ఏడ్చింది. పక్కసీటు కుర్చీకి ఆయన స్వెటర్ వేసింది వేసినట్టే ఉంది, మోచేతి దగ్గర చిరుగుతో, ఏసీ గాలికి ఒక చెయ్యి మెల్లగా ఊగుతూ.